శాంతిశ్రీ స్తంభం, పెత్రామాస బియ్యం



సారు పేరున మొదటి స్మారకోపన్యాసం నన్ను ఇవ్వమన్నప్పుడు, విషయం నా ఇష్టమేనన్నారు. నాకు మాత్రం వేరే విషయం తోచలేదు. సారు ముప్పై ఏళ్లకు పైగా బడిలో సాంఘికశాస్త్రం చెప్పారు. చచ్చాక ఏమీ లేదని నమ్మారు. దేవుడి పటం ముందు ఏనాడూ చేతులు జోడించలేదు, జోడించినవాళ్లను ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆయన పోయిన రోజు ఇంటి ముందు ఏం జరిగిందో మీలో చాలామంది చూశారు. ఆయన దేహాన్ని తీసుకెళ్లడానికి మెడికల్ కాలేజీ బండి వచ్చి ఆగింది. బంధువులు అడ్డం నిలబడ్డారు. తలకొరివి లేకుండా పంపిస్తే ఆయన ఆత్మ గతేం కావాలని ఒకాయన గట్టిగానే అడిగాడు. అంతసేపూ గోడకానుకుని కూర్చున్న సారు భార్య, మేమంతా అమ్మ అనే ఆవిడ, లేచి వాకిట్లోకి వచ్చారు. "ఆయన రాసి పెట్టిండు. రాసినట్టే పోవాలె" అన్నారు. బండి కదిలింది.

అమ్మ రోజూ దీపం పెట్టే మనిషి. శనివారం ఒక్కపొద్దు విడవని మనిషి. ఆ రోజు నుంచీ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. చావు గురించి మనిషికి తనదంటూ ఒక నమ్మకం ఉంటుంది. కులానికి, మతానికి, మఠానికి తమవైన పద్ధతులుంటాయి. రెండూ ఎదురుపడ్డప్పుడు ఎవరి మాట చెల్లాలి? ఈ తగువు మన నేల మీద ఎంత పాతదో, దాన్ని మనవాళ్లు ఎట్లా తీర్చుకుంటూ వచ్చారో ఇవాళ మీతో చెప్పుకుంటాను.

తెలంగాణ పల్లెల చుట్టూ బండరాళ్లు గుండ్రంగా పేర్చిన చోట్లుంటాయి. జనం వాటిని రాకాసి గుళ్లంటారు, పాండవుల గుళ్లంటారు. అవి ఇనుప యుగం నాటి సమాధులు. తవ్విన చాలా చోట్ల ఎముకల పక్కన కుండలు, ఇనుప పనిముట్లు దొరికాయి. పోయినవాడికి అక్కడ ఆకలేస్తుందని, పనుంటుందని అనుకున్నారేమో. వాళ్లు ఒక్క అక్షరమూ రాయలేదు కాబట్టి ఇంతకు మించి వాళ్ల నోట మాట పెట్టడం నాకిష్టం లేదు.

రాత మొదలయ్యాక కథ మారుతుంది. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు దిబ్బ తవ్వినప్పుడు రాతి పేటికలు బయటపడ్డాయి. వాటిలో బుద్ధుడివని నమ్మిన ధాతువులున్నాయి. పేటికల మీద బ్రాహ్మీ అక్షరాలున్నాయి. తెలుగు నేల మీద దొరికిన అతి పాత రాతల్లో అవి కొన్ని. అంటే మన తొలి రాతలు కొన్ని, పోయిన మనిషి అవశేషాలను దాచిన పెట్టె మీదివి. వాటిలో ఒకదాని మీద ఏముందో సారు తరగతిలో చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. కుర తండ్రి, కుర తల్లి, కుర, శివ అనేవాళ్లు కలిసి ఆ పేటికను, స్ఫటికపు భరిణెను ఇచ్చారట. రాజులు కారు, మఠాధిపతులు కారు. తల్లి, తండ్రి, కొడుకు, ఇంకొకరు. "ఒక ఇల్లురా ఇది" అనేవారు సారు.

నన్ను చరిత్రలోకి దింపింది మాత్రం నాగార్జునకొండ. పదో తరగతిలో సారు మమ్మల్ని లాంచీలో తీసుకెళ్లారు. 1926లో అక్కడి లోయలోని శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. ఆనకట్ట కడితే అంతా మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వారు. దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు నీళ్ల మధ్య దీవి. మ్యూజియంలో పిల్లలంతా బొమ్మలు చూస్తూ ముందుకెళ్లిపోతే, సారు నన్ను శాసనాల దగ్గర ఆపి శాంతిశ్రీ గురించి చెప్పారు.

క్రీస్తు శకం మూడో శతాబ్దం. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు, వాజపేయం చేశాడు. మహాసేనుడికి, అంటే కుమారస్వామికి భక్తుడు. ఆయన తోడబుట్టినది శాంతిశ్రీ. ఆమె బౌద్ధ ఉపాసిక. శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో ఆమె మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టింది. మేనల్లుడు ఆమెకు అల్లుడు కూడా. మేనరికం మనకు కొత్త కాదు కదా. ఆ స్తంభాల మీద ఆమె రాయించిన మాటల్లో నేను ఇప్పటికీ మరవలేనివి రెండున్నాయి. ఒకటి, తన పుట్టింటికీ మెట్టినింటికీ రెండు లోకాల్లో మేలు కలగాలని, తనకు నిర్వాణం కలగాలని కోరుకోవడం. రెండోది, బుద్ధుడి చైత్యపు స్తంభం మీదే తన సోదరుడి యజ్ఞాలను పేరుపేరునా, ఎంతో గొప్పగా చెప్పుకోవడం. అగ్నిహోత్రం, అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం. ఆయన దానమిచ్చిన బంగారం, ఆవులు.

ఒక్కసారి ఆలోచించండి. ఆయన నమ్మింది స్వర్గం ఇచ్చే యజ్ఞం. ఆమె నమ్మింది ఆ యజ్ఞాన్ని కాదన్న బుద్ధుణ్ని. చచ్చాక ఏమవుతుందన్న దగ్గర ఇద్దరి దారులూ కలవవు. అయినా ఒక రాయి మీద ఇద్దరూ ఉన్నారు. రాజులు అన్ని మతాలకూ దానాలిచ్చి లౌక్యం చూపేవారని పుస్తకాల్లో రాస్తారు. ఆ మాట శాసనాలిచ్చిన రాజులకు సరిపోవచ్చు. తోడబుట్టినవాడి పుణ్యాన్ని తన గుడి స్తంభం మీద చెక్కించిన ఆడపడుచుకు సరిపోదు. అది లౌక్యం కాదు, ప్రేమ. ఈ విషయంలో నేను చాలామంది చరిత్రకారులతో విభేదిస్తాను.

అక్కడే ఛాయాస్తంభాలు కూడా ఉన్నాయి. పోయినవాళ్ల జ్ఞాపకార్థం నిలిపినవి. వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట శాంతమూలుడికి ఒకటి నిలిపారు. నిలిపింది ఆయన ఇంటి ఆడవాళ్లే: తల్లులు, తోబుట్టువులు, భార్యలు. రాజుకే కాదు, యుద్ధంలో పోయిన బంట్లకూ అలాంటి స్తంభాలున్నాయి. ఒకటి పనివాళ్ల పెద్దది. ఇప్పుడు మనం ఈ హాల్లో చేస్తున్న పని ఆ పనే.

తర్వాతి వెయ్యేళ్లను తొందరగా దాటుతాను. వీరశైవులు చావుకు మైల లేదన్నారు. లింగధారిని కాల్చకుండా, కూర్చోబెట్టి, లింగంతోనే పూడ్చిపెట్టారు. అప్పటికి ఊరంతా నమ్ముతున్న సూతకాన్ని కాదనడం చిన్న సాహసం కాదు. కానీ కొన్ని తరాలకు అదీ ఒక కట్టుబాటే అయింది. ధిక్కారంగా పుట్టినది పద్ధతిగా గడ్డకట్టడం మన చరిత్రలో చాలాసార్లు చూస్తాం.

కడప సీమలో కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మం సజీవ సమాధి అయ్యాడంటారు. జనం చెప్పుకునే కథలో నాకు ముఖ్యమైనవి రెండు ఘట్టాలు. ఒకటి, తట్టుకోలేడని శిష్యుడు సిద్దయ్యను పూలు తెమ్మని బనగానపల్లెకు పంపించడం. సిద్దయ్య దూదేకుల కులంలో పుట్టిన ముస్లిం. రెండోది, తనకు చావు లేదు కాబట్టి తాళి తీయవద్దని భార్య గోవిందమ్మకు చెప్పడం. మొగుడు పోయిన ఆడదానికి ఊరు ఏం చేస్తుందో తెలిసినవాడు చెప్పే మాట అది. పరలోకం గురించిన నమ్మకం ఇహలోకంలో ఒక మనిషి మెడను కాపాడింది.

1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ దొర నడిపిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ అది. వచ్చినవాళ్లలో మాదిగలే ఎక్కువ. కరువు కాలం కాబట్టి కూటి కోసం వచ్చారని తేలిగ్గా అనేస్తారు. క్లౌ భార్య ఎమ్మా 1899లో వేసిన 'వైల్ సోయింగ్ శాండల్స్' పుస్తకం చదివితే ఆ మాట అనడానికి నోరు రాదు. ఆ మిషన్‌లో చేరిన మాదిగల్లో మొదటివాడైన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. క్రీస్తు మాట వినకముందే రాజయోగం నేర్చుకుని, గురువుల కోసం ఊళ్లు తిరిగినవాడు. గుడి వాకిలి తనకు మూసి ఉన్నా ఆత్మ ఏమవుతుందన్న ప్రశ్న ఆయన మానలేదు. ఆ ప్రశ్నకు కూడా కులం అడ్డుపడిన సమాజం మనది.

ఇక గోరా దగ్గరికి వస్తాను. గోరా అంటే గోపరాజు రామచంద్రరావు, వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు. దేవుడు లేడని చెప్పినందుకు ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. ఆయన వాదనల కన్నా ఆయన ఇంట్లో జరిగిన ఒక పెళ్లి గురించి చెప్పాలని ఉంది. పెద్దమ్మాయి మనోరమను దళితుడైన అర్జునరావుకు ఇచ్చి చేయాలనుకున్నారు. తన సేవాగ్రామ్ ఆశ్రమంలోనే పెళ్లి జరగాలని గాంధీ కోరుకున్నారు. రామనామం లేనిదే రోజు గడవని గాంధీ, ఈ నాస్తికుల పెళ్లిలో ప్రమాణం దేవుడి పేర కాకుండా సత్యం పేర ఉండవచ్చని ఒప్పుకున్నారు. పెళ్లి రోజుకు ఆయన లేరు. 1948 జనవరి 30న చంపేశారు. ఆ మార్చిలో, సేవాగ్రామ్‌లోనే, అనుకున్నట్టే పెళ్లి జరిగింది. దేవుణ్ని నమ్మిన మనిషి పోయాక కూడా, నమ్మనివాళ్లకు ఆయన ఇచ్చిన మాటను ఆశ్రమం నిలబెట్టింది.

నా కథ కూడా కొంత చెప్పాలి. డిగ్రీ రోజుల్లో నేను గోరా పుస్తకాలు చదివి, సారు ఇంటి చుట్టూ తిరిగి, గట్టి నాస్తికుణ్నయ్యాను. ఆ రోజుల్లోనే మా నాయన పోయాడు. నేనొక్కణ్నే కొడుకును. గుండు చేయించుకోను, పిండం పెట్టను అన్నాను. మా అమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు సాయంత్రం సారు సైకిల్ మీద వచ్చారు. నా తరఫున మాట్లాడతారనుకున్నాను. అరుగు మీద కూర్చుని, "మీ నాయన ఏం నమ్మేటోడు?" అని అడిగారు. పిండం కాకి ముట్టనిదే కదిలేవాడు కాదని చెప్పాను. "మరి పోయింది ఆయన కదరా, నువ్వు కాదు కదా" అన్నారు. పదో రోజు పొద్దున కృష్ణ ఒడ్డున నేను పిండం పెట్టాను. సారు ఒడ్డు పైన వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు. కాకి చాలాసేపు రాలేదు. వచ్చేదాకా ఆయనా కదల్లేదు.

ఆయన చేసింది రాజీ అని అప్పట్లో నా స్నేహితులు కొందరన్నారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోను. నా నమ్మకం నా చావుకు వర్తిస్తుంది గానీ మా నాయన చావుకు వర్తించదు. మతాలు ఈ తేడాను ఒప్పుకోవు. మతాన్ని కాదన్న మేమూ ఒప్పుకోలేదు. సారు ఒప్పుకున్నారు.

మొన్న పెత్రామాస, అంటే పెద్దల అమావాస్య నాడు పొద్దున్నే అమ్మను చూడ్డానికి వెళ్లాను. వసారాలో చాట ముందు పెట్టుకుని కూర్చున్నారు. చాటలో బియ్యం, పెసరపప్పు, చింతపండు, రెండు బీరకాయలు, ఆనపకాయ. పెద్దల పేరున అయ్యగారికి ఇచ్చే బియ్యం అవి. గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం పక్కన, మెడికల్ కాలేజీ వాళ్లు ఇచ్చిన కాగితం ఫ్రేము కట్టించి ఉంది. నన్ను చూసి కొంచెం తడబడ్డారు.

"ఆయన పేరు మీద ఇస్తున్న బిడ్డా. ఆయన ఒంటిని ఆయన చెప్పిన కాడికే పంపిన. ఇది నా కోసం. సారు ఉంటే కోపం చేసేటోడా?"

కోపం చేయరని చెప్పాను. బీరకాయలంటే సారుకు ఇష్టమని గుర్తు చేస్తే, అందుకే తెచ్చానన్నారు. అయ్యగారు వచ్చి పేరు అడిగితే సారు పేరు స్పష్టంగా, రెండుసార్లు చెప్పారు. అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ. వాకిట్లో మనవరాలు తాంబాళంలో తంగేడు పూలు, గునుగు పూలు వరసలు పేరుస్తోంది. అయ్యగారిని సాగనంపి అమ్మ వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుని, గునుగు కాడలు ఒక్కొక్కటిగా సమంగా తుంచి అందించడం మొదలుపెట్టారు.