ఓడ పనికి పోయే మన పిల్లలు – ఒంటికి రక్షణ

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠం)



కార్యదర్శిగారు ప్రతి ఏడూ నన్ను విద్య గురించి నాలుగు మాటలు చెప్పమంటారు. ఈసారి ఓడ పని గురించి చెబుతానంటే ఆయన నవ్వినారు. "మాస్టరుగారూ, మన చెరువులోనే నీళ్ళు లేవు, ఓడ ఎక్కడిది?" అన్నారు. నిజమే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే సీమ మనది. 2022లో జిల్లా రెండయింది గాని వాన రెండింతలు కాలేదు. అయితే ఆ వాన లేకనే గదా మన పిల్లలు ఓడ ఎక్కుతున్నది! వేరుశనగ వరుసగా రెండేండ్లు ఎండితే మూడో ఏడు ఆ ఇంటి పిల్లవాడు బెంగుళూరుకో, గల్ఫుకో పోతాడు. ఇప్పుడు కొందరు ఓడల మీదికి కూడా పోతున్నారు. శ్రీకాకుళం, విశాఖ వైపు పిల్లలకు సముద్రం పుట్టినప్పటినుంచీ తెలుసు. మనవాళ్ళు సముద్రాన్ని మొదటిసారి చూసేది ఉద్యోగంలో చేరేనాడే. అందుకే ఈ మాటలు మనకు ఎక్కువ అవసరం.

ఈ విషయం ఎత్తుకోవడానికి నాకొక కారణం వున్నది. నా దగ్గర పదో తరగతి దాకా చదివిన ఒక పిల్లవాడు రెండేండ్ల కిందట ఓడ మీదినుంచి ఇంటికి వచ్చినాడు. బడికి వచ్చి సలాం చెప్పినాడు. నల్ల కళ్ళద్దాలు తీయలేదు. "ఏంరా, హీరో అయిపోయినావా?" అని నేనే ఎగతాళి చేసినాను. అద్దాలు తీసినాడు. ఎడమ కన్ను లేదు. ఆ మాట అన్నందుకు ఈనాటికీ నేను సిగ్గుపడుతున్నాను.

జరిగింది పెద్ద తుపానూ కాదు, ఓడ మునగడమూ కాదు. ఓడంతా ఇనుము, చుట్టూ ఉప్పునీరు. తుప్పు పట్టకుండా వుండదు. కొత్తగా చేరినవారికి మొదట ఇచ్చే పనుల్లో ఒకటి ఆ తుప్పును సుత్తితో కొట్టి రాల్చి రంగు వేయడం. కొట్టేటప్పుడు ఒక పెచ్చు లేచి కంట్లో పడింది. కంటికి పెట్టుకోవలసిన అద్దాలు ఆ ఓడలో వున్నాయా అని అడిగినాను. "స్టోరులో వుండె సార్. అడగల్ల. అడిగితే ఈడు పనికి రాడని పంపించేస్తారేమో అని భయమాయె. అబ్బా అప్పు చేసి ఏజెంటుకు కట్టినాడు గదా" అన్నాడు.

ఈ జవాబును అందరూ ఒకసారి మనసులో తిప్పి చూడండి. ఆ కన్ను తీసింది తుప్పు పెచ్చు ఒకటే కాదు. అప్పు కూడా. అప్పున్నవాడు నోరు తెరవడు. నోరు తెరవనివాడికి అద్దాలు రావు.

కాబట్టి మొదట హక్కు సంగతి చెబుతాను. నావికుల పనికి సంబంధించి 2006లో ఒక అంతర్జాతీయ ఒడంబడిక తయారైంది. అది 2013లో అమలులోకి వచ్చింది. మన దేశం 2015లో దానికి ఒప్పుకొన్నది. దాని ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర ఫీజు వసూలు చేయరాదు. వైద్య పరీక్ష, పాస్‌పోర్టు, నావికుడి పుస్తకం, ఈ మూడింటి ఖర్చు మాత్రమే అతనిది. ఓడమీద రక్షణ సామగ్రి ఇవ్వవలసింది యజమాని. 2024 డిసెంబరు 23నుంచి ఇంకొక మాట చేరింది. ఇచ్చే సామగ్రి మనిషి కొలతకు సరిపోవలె. ఆరో నంబరు కాలికి తొమ్మిదో నంబరు బూటు ఇచ్చి మేము ఇచ్చినామంటే చెల్లదు. అడగడం బిచ్చం కాదు, మన బాకీ వసూలు చేసుకోవడమే.

ఇక సామగ్రి సంగతి. తలకు హెల్మెట్. కాలికి ముందు భాగంలో ఇనుప టోపీ వున్న, నూనెలో జారని బూట్లు. ఒంటికి బాయిలర్ సూట్, అదీ నూలుది. నైలాన్ బట్ట నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకొంటుంది. పైకెక్కి చేసే పనికి నడుమును, భుజాలను పట్టి వుంచే బెల్టు. ఓడ అంచు అవతల వేలాడి చేసే పనికి లైఫ్ జాకెట్టు కూడా. చేతి తొడుగులు పనినిబట్టి మారుతాయి. తాళ్ళు లాగేవి వేరు, రసాయనాలకు వేరు. తిరిగే యంత్రం దగ్గర మాత్రం వదులు తొడుగు మేలు కన్నా కీడే చేస్తుంది. యంత్రం తొడుగును పట్టుకొంటే చేతిని వదలదు.

అమ్మలారా, ఇక్కడ మీకొక విన్నపం. పిల్లవాడు బయలుదేరేనాడు మీరు మెడలో కట్టే తాయెత్తు, మణికట్టుకు చుట్టే దారం, వేలి ఉంగరం, ఇవి యంత్రాల దగ్గర ప్రమాదం. వాటిని పెట్టెలో భద్రంగా పెట్టుకొమ్మనండి. తల్లి దువా దారంలో వుండదు, బిడ్డ వెంట వుంటుంది.

చెవుల సంగతి చాలామంది లెక్క చేయరు. ఇంజన్ గదిలో మోత మన పవర్‌లూమ్ షెడ్డును మించి వుంటుంది. 85 డెసిబెల్స్ దాటినచోట చెవులకు రక్షణ లేకుండా పని చేయరాదు. మోతవల్ల పోయిన వినికిడి మందులతో తిరిగి రాదు. నొప్పి వుండదు, రక్తం రాదు. అందుకే పోయిందని తెలిసేసరికి చాలా పోయి వుంటుంది. ఇంటికి వచ్చిన కొడుకు ఊరికే గట్టిగా అరిచి మాట్లాడుతున్నాడంటే పొగరు అనుకోవద్దు. చెవి చూపించండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఇది మన సీమ పెద్దలకు తెలిసిన మాటే. నా చిన్నతనంలో మా దాది ఇంటి ముందర జొన్నల పాతర వుండేది. పాతర మూత తీసిన రోజు ఎవరినీ దిగనిచ్చేది కాదు. ఒక పూటైనా గాలి ఆడనిచ్చి, తాడుకు లాంతరు కట్టి దింపేవారు. లాంతరు ఆరిపోతే మనిషి దిగరాదు. పాత బావిలో పూడిక తీసేటప్పుడూ అంతే. దాది ఏ బడికీ పోలేదు. మూసివున్న చోట గాలి చచ్చిపోతుందని ఆమెకు తెలుసు, అంతే.

ఓడలో అలాంటి పాతరలు ఎన్నో వున్నాయి. ఖాళీ ట్యాంకులు, సరుకు గోతులు, లంగరు గొలుసు వుండే గది. ఇనుము తుప్పు పట్టేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌నే తింటుంది. మూసిన గదిలో గొలుసు నెలల తరబడి తుప్పు పడితే అక్కడ మనిషికి మిగిలేదేమీ వుండదు. బొగ్గు, కలప కూడా అలాగే ఆక్సిజన్‌ను తినేస్తాయి. ధాన్యంలో పురుగు పట్టకుండా వేసే మందు గోళీల గ్యాస్ ఇంకొక విషం. మామూలు గాలిలో ఆక్సిజన్ నూటికి 20.9 పాళ్ళు. అది బాగా తగ్గినచోట అడుగు పెట్టినవాడికి వూపిరాడని బాధ కూడా తెలియదు. కాళ్ళు మడిచి కూలిపోతాడు.

మన లాంతరు ఓడలో పనికిరాదు. నూనె ఆవిరి వున్నచోట లాంతరు దింపితే ఓడే అంటుకొంటుంది. పైగా లాంతరు వెలుగుతున్నంత మాత్రాన విషవాయువు లేదని కాదు. అక్కడ గ్యాస్ మీటరు పెట్టి పైనా, నడుమా, అడుగునా కొలవవలె. ఈ మీటరు ఓడలో వుండి తీరాలని 2016 జూలైనుంచి అంతర్జాతీయ నియమం వున్నది. 2015నుంచి రెండు నెలలకొకసారి ఇటువంటి చోట్లనుంచి మనిషిని బయటికి తీసే కసరత్తు కూడా చేయించవలె.

ఒక పొరపాటు గట్టిగా గుర్తుంచుకోండి. ముక్కుకు కట్టే మాస్కు దుమ్మును ఆపుతుంది. లేని ఆక్సిజన్‌ను తెచ్చి ఇవ్వదు. తాడిపత్రి బండల పాలిష్ దగ్గర ముఖానికి తువ్వాలు చుట్టుకొనే అలవాటు మనవాళ్ళకు వున్నది. అది దుమ్ముకే చాలదు, గ్యాసుకు ఎట్లా చాలుతుంది? చెడు గాలిలోకి పోవలసి వస్తే వీపున గాలి సిలిండరు మోసి, ముఖానికి బిగించే మాస్కు కావలె. గుబురు గడ్డం వున్న ముఖానికి ఆ మాస్కు సరిగా అతకదు, సందులోనుంచి చెడుగాలి దూరుతుంది. గడ్డం మీద ఫత్వా ఇచ్చేవాణ్ణి కాను నేను, లెక్కలు చెప్పేవాణ్ణి. గడ్డం వుంచుకొనే పిల్లలు ఈ సంగతి ఆఫీసరుకు ముందే చెప్పి, ఆ పనికి ఎవరు పోవలెనో పనికి ముందే తేల్చుకోవలె.

ఇంకొకటి. బావిలో ఒకడు పడిపోతే అన్నను తీయబోయి తమ్ముడు, తమ్ముణ్ణి తీయబోయి పక్కింటివాడు, ఇట్లా వరుసగా పోయిన సంగతులు మీరు విన్నవే. ఓడలోనూ అదే జరుగుతుంది. ప్రేమతో దూకినవాడు రెండో శవం అవుతాడు. మొదట కేక వేయి, అలారం మోగించు, సిలిండరు తెప్పించు. ఆగడం పిరికితనం కాదు.

నా ఇంకొక విద్యార్థి సంగతి చెప్పి ఈ భాగం ముగిస్తాను. గొలుసు గదిలోకి తొందరగా దిగి రమ్మని పైవాడు చెప్పినాడట. మావాడు, "మా వూర్లో పాతర తీసినా దీపం దించి చూస్తాం సార్, మీటరు పెట్టండి" అన్నాడట. మీటరు పెట్టగానే అది కూయడం మొదలుపెట్టింది. పైవాడు ఏమీ అనలేదు, వీపు తట్టినాడు. ఆ పిల్లవాడు పోయిన పండగకు మా ఇంటికి వచ్చి సేమియా తిని పోయినాడు. మీటరు పెట్టకపోతే ఆ గిన్నె ఎవరికి పెట్టేవాళ్ళం?

అయితే సామగ్రి వుంటే చాలునని నేను చెప్పడం లేదు. విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో 2020 ఆగస్టు 1న క్రేనును పరీక్షిస్తుండగా అది కూలి 11 మంది చనిపోయినారు. 1948లో నెహ్రూగారు జల ఉష ఓడను నీటిలోకి దింపిన చోటు అది. అంత బరువు మీద పడితే ఏ హెల్మెట్ ఆపుతుంది? బిగిసిన మోకు తెగి కొరడాలాగా తిరిగి కొట్టినా అంతే, అది తిరిగే దారిలో నిలబడకపోవడమే రక్షణ. ముందు ప్రమాదాన్ని తొలగించవలె, తరువాత మనిషిని దూరంగా పెట్టవలె. ఒంటిమీది సామగ్రి చివరి తలుపు. చివరిదని దాన్ని తెరిచి పెట్టుకొని పడుకోము గదా!

చివరగా మన సంఘానికి మూడు విన్నపాలు. ఒకటి, ఓడ పనికి పోయేవాడు చేయవలసిన ప్రాథమిక శిక్షణల్లో నీటిలో ప్రాణం కాపాడుకోవడం, నిప్పు ఆర్పడం, ప్రథమ చికిత్స, స్వీయ భద్రత వున్నాయి. ఆ ఫీజుకు సంఘం కర్జె హసనా ఇవ్వవలె. వడ్డీ అప్పు లేనివాడు అద్దాలు అడగగలడు. రెండు, ఏ ఏజెంటు వచ్చినా ముంబయిలోని షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన లైసెన్సు అతనికి వున్నదా లేదా అని మన ఆఫీసులో చూసి చెప్పే మనిషి ఒకరు వుండవలె. మూడు, సెలవులో వచ్చిన నావికులను బడికి పిలిచి పిల్లలతో మాట్లాడించవలె. ఆ కన్ను పోయిన పిల్లవాణ్ణి నేను అడిగినాను. వస్తానన్నాడు.

తల్లులారా, కొడుకు ఫోన్ చేసినప్పుడు "తిన్నావా నాయనా" అని ఎట్లాగూ అడుగుతారు. దానితోబాటు "కంటికి అద్దాలు పెట్టుకొన్నావా, చెవులకు పెట్టుకొన్నావా, మీటరు చూసి దిగినావా" అని కూడా అడగండి. ఆఫీసరు మాట మరిచిపోతాడేమో గాని, అమ్మ రోజూ అడిగిన మాట మరిచిపోడు.