మేనేజరుకు నిద్ర పట్టిందా?

 

పట్టాలందుకున్న మీలో చాలామంది కొద్ది నెలల్లో ఎవరో ఒక మేనేజరు కింద చేరతారు. ఆయన పదిమందిలో కసిరితే, ‘ఆయన స్వభావమే అంత’ అని పక్కసీటువాళ్లు సర్దిచెబుతారు. పరిశోధకులు ఆ స్వభావం వెనకున్న పనిభారాన్ని కూడా తవ్వి చూశారు.

ఉచిత వైద్యశాలల సిబ్బంది అలసిపోయే తీరును న్యూయార్క్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో బర్నవుట్ అన్నాడు. దాన్ని కొలిచే ప్రశ్నావళిని 1981లో క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ ప్రచురించారు. అందులో మూడు కొలతలున్నాయి: మనసు డస్సిపోవడం, ఎదుటివారిని మనుషులుగా చూడలేకపోవడం, తాను సాధించిందేమీ లేదనిపించడం. కింది ఉద్యోగికి నేరుగా తగిలేది రెండోదే. అమ్మకు జ్వరం, సెలవు కావాలని అడిగిన కుర్రాడు అలసిన మేనేజరు కళ్లకు డెడ్‌లైన్‌కు అడ్డొచ్చిన ఒక పేరు, అంతే.

క్రిస్టఫర్ బార్న్స్ బృందం 2015లో ప్రచురించిన అధ్యయనం బాసుల అలసటను రోజువారీ లెక్కలోకి తెచ్చింది. రాత్రి నిద్ర సరిగా పట్టని బాసులు మర్నాడు కిందివాళ్లపై ఎక్కువగా విరుచుకుపడ్డారు. ఆ రోజు టీమ్‌కూ పనిమీద ఆసక్తి తగ్గింది. ఎన్ని గంటలు పడుకున్నారన్నదానికన్నా ఎంత బాగా నిద్రపట్టిందన్నదే తేడా తెచ్చింది. పగలు ఇక్కడి టీమ్‌నీ, రాత్రి అమెరికా క్లయింటు కాల్స్‌నీ మోసే హైదరాబాద్ టీమ్‌లీడ్‌కు ఈ మాట వివరించక్కర్లేదు.

పెద్ద కుర్చీకీ మినహాయింపు లేదు. బ్రిటన్‌లో లాయిడ్స్ బ్యాంకు అధిపతి ఆంటోనియో హోర్టా-ఒసోరియో 2011 నవంబరులో, పదవి చేపట్టిన ఎనిమిది నెలలకే, నిద్రలేమితో సెలవుపై వెళ్లాడు. షేరు ధర పడింది. 2012 జనవరిలో తిరిగొచ్చాడు, 2011 బోనస్ వద్దన్నాడు, పనులు ఇతరులకు పంచడం నేర్చుకున్నాడు. తర్వాత సీనియర్ అధికారుల మానసిక ఆరోగ్యం కోసం బ్యాంకులో ప్రత్యేక శిక్షణ పెట్టించాడు. 2021 వరకూ ఆ పదవిలోనే ఉన్నాడు.

అలసట కారణమైనంత మాత్రాన అవమానం ఒప్పయిపోదు. అయితే బర్నవుట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుగా కాక, అదుపు చేయని ఉద్యోగ ఒత్తిడి ఫలితంగా గుర్తించింది. అంటే మేనేజరుకు యోగా క్లాసు పెట్టి సంస్థ చేతులు దులుపుకుంటే సరిపోదు. ఆయన నెత్తిన ఉన్న పనిని లెక్కగట్టాలి.

ఇంటర్వ్యూలో జీతం మాట అయ్యాక ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: నా మేనేజరు కింద ఎంతమంది ఉన్నారు? ఆయన సెలవు పెడితే ఆ పని ఎవరు చూస్తారు? కొన్నేళ్లకు మీరే ఆ సీట్లోకి వెళ్లినప్పుడు, పదవి ఒప్పుకోకముందే ఇవే ప్రశ్నలు మీ పైవాళ్లనూ అడగండి.