మన బడి మైదానం మీది చీకటి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1987లో ఇక్కడ పదో తరగతి పూర్తి చేశాను. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి, ఉపన్యాసాలు అలవాటు లేవు. "బడి జ్ఞాపకాలు ఏవైనా పది నిమిషాలు చెప్పు" అని కార్యదర్శిగారు అడిగారు. తరగతి గదుల గురించి, బెత్తాల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుకని నేను మన బడిలో ఎవరూ లేనప్పుడు, అంటే రాత్రిపూట, ఈ మైదానంలో చేసిన పని గురించి చెబుతాను. చివర్లో సంఘానికి ఒక మనవి కూడా ఉంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, 1985 చివర్లో, మా మేనమామ తన పాత రష్యన్ కెమెరా నాకు ఇచ్చాడు. జెనిట్ కెమెరా, ఇటుకంత బరువు. దానికి 58 మిల్లీమీటర్ల లెన్సు, ఎఫ్2 వరకు తెరుచుకుంటుంది. షట్టరు చక్రం మీద అంకెల పక్కన 'బి' అని ఒక అక్షరం ఉండేది. దాని మీద పెట్టి బటన్ నొక్కి పట్టుకుంటే, వదిలేదాకా షట్టరు తెరిచే ఉంటుంది. పగలు ఆ అక్షరంతో పనిలేదు. ఎందుకు పెట్టారని మామను అడిగితే, "రాత్రికి" అన్నాడు. అంతే, ఇంకేమీ చెప్పలేదు.

ఆ ఏడాది హేలీ తోకచుక్క వస్తోందని పేపర్లలో, రేడియోలో ఒకటే మాట. 76 ఏళ్ళకోసారి వచ్చేది. దాన్ని ఫోటో తీయాలని నాకు పట్టుకుంది. సైన్సు సారు దగ్గరికి పోయి చెప్పాను. ఆయన నవ్వలేదు. "తోకచుక్క ఏప్రిల్‌లో బాగా కనిపిస్తుందిరా. అప్పటిదాకా చీకట్లో ఫోటో ఎట్లా పడుతుందో నేర్చుకో. ఒక నోటుబుక్కు పెట్టు. ఫోటో తీయడం ఒక ఎత్తు, అందులోంచి ఏం కొలవచ్చో చెప్పడం ఒక ఎత్తు" అన్నారు. హెడ్‌మాస్టరుగారితో మాట్లాడి రాత్రి మైదానంలోకి రావడానికి అనుమతి కూడా ఆయనే ఇప్పించారు.

మొదటి ప్రయోగం బడి గేటు దగ్గర. అప్పుడు అక్కడ ఒకే ఒక గుండు బల్బు. కెమెరాను స్టూలు మీద పెట్టి, కేబుల్ రిలీజుతో 1 సెకను, 2, 4, 8, అలా రెట్టింపు చేసుకుంటూ 64 సెకన్ల దాకా ఏడు ఫోటోలు. ఆఖరి ఫోటో తీస్తున్నప్పుడు మన వాచ్‌మన్ తాత లాంతరు పట్టుకుని గేటు నుంచి బావి దాకా నడిచాడు. ఫిల్ము కడిగి చూస్తే గేటుంది, వేపచెట్టుంది, బావి గట్టుంది. తాత లేడు! గాల్లో ఒక తెల్లటి గీత మాత్రం గేటు నుంచి బావి దాకా సాగింది. అది లాంతరు. తాతకు చూపిస్తే, "నన్నేడ దాచినావు రా అబ్బోడా?" అని అడిగాడు.

సారు దాన్ని తరగతిలో అందరికీ చూపించి వివరించారు. కన్ను క్షణక్షణానికి కొత్త బొమ్మ చూస్తుంది. ఫిల్ము అలా కాదు, పడిన వెలుగునంతా పోగుచేసుకుంటుంది. కదలని గేటు ఒకేచోట 64 సెకన్లు వెలుగు పోసింది. తాత ఏ చోటా ఒక సెకను కూడా నిలవలేదు కాబట్టి ఆయన వంతు వెలుగు ఎక్కడా చాలలేదు. లాంతరు తానే వెలుగు కాబట్టి దాని గుర్తు మిగిలింది. ఆ ఒక్క ఫోటోతో మా తరగతి మొత్తానికి ఎక్స్‌పోజరు అంటే ఏమిటో అర్థమైంది.

రెండో ప్రయోగం సంక్రాంతి సెలవుల్లో, నెలవంక అస్తమించాక. కెమెరాను ఉత్తరం వైపు తిప్పి, అడుగున బడి పెంకుల కప్పు వచ్చేట్టు పెట్టి, ఎఫ్4 దగ్గర ఒక గంట తెరిచి ఉంచాను. తూర్పు వైపు సప్తర్షి మండలం లేస్తోంది. చలికి దుప్పటి కప్పుకుని మామ, నేను కాపలా కూర్చున్నాం. ప్రింటులో చుక్కలన్నీ వంపు గీతలయ్యాయి, అన్నీ ఒకే చోటు చుట్టూ. సారు జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తీసి నా చేతికిచ్చి, "కొలువు" అన్నారు. ఏ గీత కొలిచినా 15 డిగ్రీలు. చిన్న గీతైనా, పెద్ద గీతైనా అంతే. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరిగితే గంటకు 15 డిగ్రీలు. పుస్తకంలో చదివిన భూభ్రమణాన్ని మన బడి కప్పు మీద, రెండు రూపాయల కోణమానినితో కొలిచానన్నమాట. కదలనివాడని మనం చెప్పుకునే ధ్రువుడు కూడా భూతద్దంలో చూస్తే రవ్వంత జరిగాడు. ధ్రువ నక్షత్రం సరిగ్గా ధ్రువం మీద లేదు, ఒక డిగ్రీ లోపు దూరంలో ఉంది, అందుకు.

మర్నాడు రాత్రి దారానికి రాయి కట్టి, అదే కోణమానినితో ధ్రువుడు ఎంత ఎత్తులో ఉన్నాడో చూశాం. సుమారు 15 డిగ్రీలు. అట్లాసు తీసి చూస్తే మన అనంతపురం అక్షాంశం 15కు కాస్త తక్కువ. ధ్రువుడి ఎత్తే ఊరి అక్షాంశం. మనం భూమ్మీద ఎక్కడున్నామో ఆకాశం చెబుతుందని ఆ రోజు తెలిసింది.

మూడోది పున్నమి వెన్నెల్లో బడి భవనం. ఇది ముందు కాగితం మీద లెక్క వేసి చేసింది. పున్నమి వెన్నెల ఎండ కంటే దాదాపు 4 లక్షల రెట్లు తక్కువ. మంచి ఎండలో 125 ఏఎస్‌ఏ ఫిల్ముకు ఎఫ్16 దగ్గర సెకనులో 125వ వంతు సరిపోతుంది. దాన్ని 4 లక్షలతో హెచ్చిస్తే 3,200 సెకన్లు. ఎఫ్16 నుంచి ఎఫ్2కు తెరిస్తే 64 రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది. 3,200ను 64తో భాగిస్తే 50 సెకన్లు. సరేనని 50, 100, 200, 400 సెకన్లతో నాలుగు తీశాను. 50 సెకన్లది పలచగా ఉంది. 200 సెకన్లది నిండుగా వచ్చింది. లెక్క సరైనదే, మరి తేడా ఎక్కడిది? వెలుగు మరీ తక్కువైతే ఫిల్ము చురుకుదనం తగ్గిపోతుందట. కార్ల్ ష్వార్జ్‌షీల్డ్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త 19వ శతాబ్దం చివర్లోనే నక్షత్రాల ఫోటోలతో దీన్ని కొలిచి సూత్రం రాశాడని సారు లైబ్రరీ పుస్తకంలో చూపించారు. ఆ 200 సెకన్ల ఫోటో పట్టపగలు తీసినట్టుంటుంది. కిటికీ ఊచలు కూడా లెక్కపెట్టొచ్చు. కానీ ఆకాశంలో చూస్తే చుక్కలు చిన్న చిన్న గీతలై ఉంటాయి. ఆ ఫోటోను ఈ సంచికలో వేయమని సంపాదకవర్గానికి ఇచ్చాను.

ఫిల్ములన్నీ బజారు వీధి స్టూడియోలో కడిగేవాణ్ణి. కొట్టు కట్టేశాక స్టూడియో ఆయన డార్క్‌రూము నాకు వదిలేవాడు, మందుల ఖర్చు మాత్రం తీసుకునేవాడు. డెవలపరు 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మన ఊళ్ళో ఏప్రిల్‌లో కుండలో నీళ్ళు కూడా అంత చల్లగా ఉండవు. సోడా కొట్టు నుంచి ఐసు ముక్క తెచ్చి, గిన్నె చుట్టూ పెట్టి కడిగేవాళ్ళం.

ఇక నాలుగోది తోకచుక్క. 1986 ఏప్రిల్ 11న అది భూమికి అతి దగ్గరగా వచ్చింది. దగ్గర అంటే 6 కోట్ల 30 లక్షల కిలోమీటర్లు. అమావాస్య దాటిన రెండో రోజు, ఆకాశం కాటుకలా ఉంది. మామ గుంతకల్లు నుంచి 400 ఏఎస్‌ఏ ఫిల్ము తెచ్చాడు. అర్ధరాత్రి దాటాక దక్షిణం వైపు, గుట్ట మీద, చిన్న దూదిపింజలాగా కనిపించింది. ఎఫ్2, 30 సెకన్లు. నల్లబల్ల మీద చాక్‌పీసు పొడి రుద్దినట్టు ఒక మసక వచ్చింది. తోక లేదు. ఊళ్ళో కొందరు "ఇంతేనా" అన్నారు. సారు మాత్రం నెగటివును వెలుగుకెత్తి చాలాసేపు చూసి, "మళ్ళీ 2061లో వస్తుంది. నేనుండను. నువ్వుంటే ఇది పక్కన పెట్టుకుని చూడు" అన్నారు.

ఆయన ఇప్పుడు లేరు. నా పేరుతో పాటు ఆయన పేరు కూడా ఆ నోటుబుక్కు మొదటి పేజీలో ఉంది.

తోకచుక్కకూ ఫోటోకూ తెలుగునేలతో ఉన్న బంధం ఒకటి పిల్లలకు చెప్పాలి. వైను బప్పుగారు హైదరాబాదులో పెరిగారు. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో పనిచేశారు. బప్పుగారు అమెరికాలో హార్వర్డ్‌లో చదువుకుంటూ 1949లో రాత్రి ఆకాశం ఫోటో పలకను పరిశీలిస్తుండగా ఒక కొత్త తోకచుక్కను కనుక్కున్నారు. దానికి ఆయన పేరు కూడా కలిపి పెట్టారు. తమిళనాడులోని కావలూరు దగ్గర ఆయన ఆలోచనతో తయారైన పెద్ద టెలిస్కోపు 1986 జనవరిలోనే, అంటే నేను ఇక్కడ చుక్కల గీతలు కొలుస్తున్న నెలలోనే ప్రారంభమైంది. దానికిప్పుడు ఆయన పేరే ఉంది.

ఆ నిజామియా వేధశాల కథలోనే నా మనవి కూడా ఉంది. బేగంపేటలో ఉన్న ఆ వేధశాల చుట్టూ నగరం వెలుగులు పెరిగిపోతే, కొత్త 48 అంగుళాల టెలిస్కోపును 1960ల చివర్లో దూరంగా జాపాల్-రంగాపూర్ దగ్గర పెట్టాల్సి వచ్చింది. నగరం అటు కూడా పెరిగింది. 2016లో వెలువడిన ప్రపంచ కృత్రిమ కాంతి అట్లాసు ప్రకారం భూమ్మీద మూడోవంతు మందికి తామున్న చోటి నుంచి పాలపుంత కనిపించదు.

ఇది ఎక్కడో సంగతి అనుకోకండి. రెండేళ్ళ కిందట సెలవుకు వచ్చినప్పుడు, ఇదే మైదానంలో, అదే మూలన నిలబడి, అదే కొలతలతో డిజిటల్ కెమెరాలో ఉత్తరాకాశం తీశాను. పాత నెగటివును పక్కన పెట్టి భూతద్దంతో చూస్తే, అప్పటి చుక్కల్లో సగానికి పైగా ఇప్పుడు దొరకలేదు. చుక్కలు ఎక్కడికీ పోలేదు. బైపాసు రోడ్డు దీపాల తెల్లటి వెలుగు ఆకాశానికి ఎగజిమ్మి వాటిని కప్పేసింది.

స్వర్ణోత్సవ కానుకగా ఈ మైదానానికి హైమాస్టు దీపాలు వేయించాలని మన సంఘం తీర్మానించింది. మంచి తీర్మానం. సాయంత్రం ఆడపిల్లలు కబడ్డీ, వాలీబాల్ ఆడుకోవాలంటే వెలుగు కావాలి, భద్రతకూ కావాలి. దీపాలు వద్దని నేను అనడం లేదు. చందా నేనూ ఇచ్చాను. మూడు పనులు మాత్రం చేయమని వేడుకుంటున్నాను. ఒకటి, దీపం పైన మూత ఉండి వెలుగు నేల మీదికే పడే రకం పెట్టించండి. ఆకాశానికి పోయే వెలుగుకు కూడా కరెంటు బిల్లు కట్టేది మన బడే. రెండు, నీలం తగిలే తెల్లటి ఎల్‌ఈడీకి బదులు పసుపు ఛాయ ఉన్నవి ఎంచుకోండి. నీలం కాంతి గాలిలో ఎక్కువ చెదిరి ఆకాశాన్ని ఎక్కువ తెల్లబరుస్తుంది. మూడు, ఆటలయ్యాక రాత్రి 9 గంటలకు ఆరిపోయేలా టైమరు పెట్టించి, గేటు దగ్గరి దీపం ఒక్కటి ఉంచండి. ఇందుకు ఏమైనా అదనపు ఖర్చయితే మా 1987 బ్యాచ్ భరిస్తుంది. మా వాళ్ళతో మాట్లాడే చెబుతున్నాను. చీకటిని కాపాడుకోవడం వింత కోరిక కాదు. లడఖ్‌లోని హాన్లే ప్రాంతాన్ని మన దేశంలో ఇందుకోసమే ప్రత్యేకంగా ప్రకటించారు. అక్కడి పల్లెవాళ్ళే దీపాలకు మూతలు వేసుకున్నారు.

పిల్లలూ, మీకు జెనిట్ కెమెరా అక్కర్లేదు. ఇంట్లో ఫోను ఉంటే చాలు. దాన్ని రెండు ఇటుకల మధ్య కదలకుండా నిలబెట్టండి, టైమరు పెట్టండి, చేత్తో తాకకండి. నైట్ మోడ్ అంటే మాయ కాదు, చాలా ఫోటోలు వెంటవెంటనే తీసి వాటి వెలుగును కలుపుతుంది. వాచ్‌మన్ తాత ఫోటోలో జరిగింది కూడా ఇదే. ఒకే దృశ్యాన్ని వేర్వేరు సమయాలతో తీసి, తేదీ, గంట, సెకన్లు నోటుబుక్కులో రాయండి. ముందు పిల్లలకోడి చుక్కల గుంపుతో మొదలుపెట్టండి, చలికాలంలో తేలిగ్గా దొరుకుతుంది.

నా జెనిట్ కెమెరాను, ఆ నోటుబుక్కును, నెగటివులను ఈ రోజు బడి సైన్సు ల్యాబుకు అప్పగిస్తున్నాను. హెడ్‌మాస్టరుగారు అనుమతిస్తే ప్రతి ఏడాది డిసెంబరులో ఒక అమావాస్య రాత్రి వచ్చి పిల్లలతో ఇక్కడ కూర్చుంటాను.

హేలీ తోకచుక్క 2061 జూలై 28న సూర్యుడికి దగ్గరగా వస్తుంది. 1986 కంటే బాగా కనిపిస్తుందని లెక్క. ఈ రోజు ఆరో తరగతిలో ఉన్న మీకు అప్పటికి యాభై ఏళ్ళ లోపే. మీ పిల్లలను తీసుకుని ఈ మైదానానికి రండి. నెగటివు ల్యాబులో ఉంటుంది. ఆకాశం కూడా ఉండేలా చూడటం మా పెద్దల బాధ్యత.