'లాంటి' తీసేస్తే



ఇవాళ పట్టాలందుకున్న మీరు అలంకారాల గురించి పరీక్షల్లో రాసే వచ్చారు. పోలిస్తే ఉపమ, అదే ఇది అంటే రూపకం, అదేనేమో అనుకుంటే ఉత్ప్రేక్ష, ఉన్నదానికన్నా పెంచి చెబితే అతిశయోక్తి. చివరిది ఎన్నికలప్పుడు ఉచితంగానే దొరుకుతుంది.

నిజాం పాలన చివరి రోజుల్లో కవి దాశరథి కృష్ణమాచార్య ఈ నిజామాబాద్ ఖిల్లా జైల్లోనే ఉన్నారు. బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. నాలుగు గోడల మధ్య కూర్చుని తన తెలంగాణను వీణ అన్నారు. 'వీణలాంటిది' అంటే ఉపమ అయ్యేది. ఆ 'లాంటి'ని ఆయన తీసేశారు. పోల్చేవాడు రెండు వస్తువుల్నీ పక్కపక్కన పెట్టి తాను దూరంగా నిలబడొచ్చు. రూపకం చెప్పేవాడికి ఆ వెసులుబాటు లేదు, అన్నమాటకు పూచీ పడాలి. 1949లో వచ్చిన తన కవితా సంపుటి 'అగ్నిధార'ను ఆయన అంకితమిచ్చింది ఆ జైల్లో తోడున్న వట్టికోట ఆళ్వారుస్వామికి.

ఇక కవిత్వం నుంచి వాడుక మాటల్లోకి, చెరుకు పండే బోధన్ వైపు పోదాం. చెరుకు మన నోట్లోకే కాదు, మాటల్లోకీ వచ్చింది. ఉలుకూ పలుకూ లేనివాణ్ణి బెల్లం కొట్టిన రాయి అంటాం. వాడుకుని వదిలేస్తే పీల్చి పిప్పి చేశారంటాం. ఈ మాట పుట్టించినవాడు చక్కెర మిల్లు లోపలికి పోయి ఉండడు. అక్కడ పిప్పిని పారెయ్యరు, బాయిలర్లో మండించి ఆవిరి పుట్టిస్తారు. మిల్లు నడిచేదే దానితో.

బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబరులో అది 'మూతపడింది'. తలుపు గాలికి పడ్డట్టు, తనంతట తనే. ఇలాంటి వాటిని ఖాయిలా పరిశ్రమలనీ అంటుంటాం. ఖాయిలా అంటే జబ్బు. ఇదీ రూపకమే. కానీ వాడివాడి అరిగిపోయింది, రూపకమని ఎవరికీ తట్టదు. యంత్రానికి జ్వరం రాదు. జబ్బు అనగానే ఎవరి తప్పూ లేనట్టుంటుంది, మందు వెయ్యకపోయినా విధి అనుకుంటాం. కవి రూపకం గోడ మీద కనబడింది. ఈ రూపకం ఫైల్లో కనబడకుండా పనిచేస్తుంది.

మీలో కొందరు రేపు పత్రికల్లో రాస్తారు, కొందరు ఆఫీసుల్లో ఫైళ్లు రాస్తారు. అట్లాంటి వాక్యం మీ చేతికొచ్చిన రోజున ఒక్కసారి బోధన్ బస్సెక్కండి. ఆ గేటు ముందు నిలబడి, 'మూతపడింది' అన్న క్రియకు కర్త ఎవరో మీ వ్యాకరణంతోనే వెతకండి.