గుర్రపు పరుగు – సరియైన ముందంజ

గుర్రపుస్వారి నేర్చుకొనువారు జీనుమీద స్థిరముగా కూర్చుండుటకును, ట్రాటులో ఎగిరి పడకుండుటకును కొన్ని నెలలు శ్రమింతురు. ఆ గండము గడచిన పిదప గురువు "ఇక కాంటరునకు పోనిమ్ము" అనును. శిష్యుడు మడమ తగిలించును. గుర్రము పరుగు లంకించుకొనును. శిష్యుడు సంతోషించునంతలో గురువు ఆవరణము నడుమనుండి "తప్పుకాలు! ఆపుము" అని కేకవేయును. నాలుగు కాళ్లతో పరుగెత్తు జంతువునకు తప్పుకాలేమి, ఒప్పుకాలేమి అని శిష్యుడు తెల్లబోవును. నేటి ప్రసంగమునకు ఆ ప్రశ్నయే విషయము.

గుర్రపు గతులను మన పూర్వులు శ్రద్ధతో గమనించిరి. అమరకోశము ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని ఐదు ధారలను పేర్కొన్నది. నేటి స్వారిశాలలలో సామాన్యముగా నడక, ట్రాటు, కాంటరు, దౌడు అను నాలుగింటిని నేర్పుదురు. ట్రాటులో ముందుకాలొకటి, దానికి ఎదురుమూలనున్న వెనుకకాలొకటి జతగా పడును. కనుక అది రెండు దెబ్బల గతి. కాంటరు మూడు దెబ్బల గతి. మొదట వెనుకకాలొకటి పడును. తరువాత రెండవ వెనుకకాలును, దాని ఎదురుమూల ముందుకాలును కలిసి పడును. చివర మిగిలిన ముందుకాలు పడును. ఆ వెంటనే నాలుగు కాళ్లును క్షణకాలము నేలను విడుచును.

ఈ చివర పడు ముందుకాలు తక్కిన దానికంటె ముందుకు చాగియుండును. దీనిని రౌతులు 'లీడు' అందురు. మనము 'ముందంజ' అనుకొందము. కుడికి తిరుగు గుర్రమునకు కుడి ముందంజయు, ఎడమకు తిరుగుదానికి ఎడమ ముందంజయు ఉండవలెను. అప్పుడు మలుపులో లోపలివైపు కాళ్లు ముందు నిలిచి దేహభారమును ఆదుకొనును. ఇది తారుమారైనచో కుదుపు హెచ్చును. ఇరుకు మలుపులో గుర్రము తూలవచ్చును, జారవచ్చును. రౌతు ప్రాణమును దానితోకూడ జారును. ఆరితేరిన గుర్రమును సమతూకము కొరకు బుద్ధిపూర్వకముగా ఎదురు ముందంజతో పరుగెత్తించుట కలదు. అది పై తరగతి పాఠము.

ఇక్కడ మరువరాని సంగతి ఒకటి కలదు. ముందంజ కనబడునది ముందుకాలిలో, నిర్ణయమగునది వెనుకకాలిలో. కుడి ముందంజకు ఎడమ వెనుకకాలు మొదట నేల మోపవలెను. అది మోపిన తరువాత రౌతు చేయగలది స్వల్పము. కనుక సంజ్ఞ దానికి ముందే అందవలెను. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున గ్రీకు రచయిత క్సెనొఫోన్ ఈ మర్మమును ఎరిగియుండెను. ఎడమ ముందంజ కావలెనన్నచో, ట్రాటులో గుర్రము కుడికాలితో అడుగు వేయు క్షణమున సంజ్ఞ నీయవలెననియు, అప్పుడది ఎడమకాలిని ఎత్తబోవుచుండును గనుక దానితోనే పరుగు మొదలిడుననియు ఆయన వ్రాసెను.

నేర్పు విధానము ఇది. సుమారు 20 మీటర్ల వ్యాసముగల వలయములో గుర్రమును నిదానమైన ట్రాటులో నడపవలెను. వలయము కుడికైనచో, కుడి కన్ను కొస కనబడునంత మాత్రమే తలను కుడికి త్రిప్పవలెను. కుడికాలు తంగు కడనే ఉండవలెను. ఎడమకాలు నాలుగు వ్రేళ్లంత వెనుకకు జరిగి మెల్లగా ఒత్తవలెను. కుడిభుజము ముందుకు కదలుచున్నప్పుడు ఎదురుమూలనున్న ఎడమ వెనుకకాలు లేచి వచ్చుచుండును. అదియే అడుగవలసిన అదను. తప్పు ముందంజ పడినచో శిక్షింపరాదు. మెల్లగా ట్రాటునకు దింపి, తూకము కుదిరిన పిదప మరల అడుగవలెను. ట్రాటును వడిపెంచి తరిమినచో గుర్రము తనకు అలవాటైన కాలితోనే పరుగున పడును.

ఈ మాటలు నాకొక ఆడుగుర్రము నేర్పినవి. ఐదేండ్ల వయస్సు, చక్కని నడక, మెత్తని నోరు. ఎడమకు అడిగినచో తేలికగా కాంటరునకు వచ్చును. కుడికి మాత్రము పదిసార్లలో తొమ్మిదిసార్లు ఎడమ ముందంజయే. మొండితనమని తలచి కొరడా ఎత్తితిని. వారము దినములలో ఆ మూలకు రాగానే చెవులు వెనుకకు వాల్చి, చెమటపట్టి, కళ్లెమును లాగుకొని ఉరుకుట మొదలిడెను. దీనిని అమ్మివేయుట మేలని నిశ్చయించుకొంటిని. ముందుగా పశువైద్యునిచేత వీపు, కాళ్లు, నోరు పరీక్ష చేయించితిని. జీను సరిచూచితిని. లాడములు ఊడదీయించి గిట్టలు చూపించితిని. దోషమేమియు కనబడలేదు.

అప్పుడు దానికి దాణా పెట్టు వృద్ధ సాయిసు చేతులు కట్టుకొని, "అయ్యగారూ, తమరు పైనుంచి చూస్తున్నారు, నేను కిందనుంచి చూస్తున్నాను. కుడికి అడిగేటప్పుడు తమరు ఏ కాలు పడుతుందో చూడాలని ఆ భుజంమీదికి వంగుతున్నారు. బరువంతా అక్కడ పెట్టి, ఆ కాలే ఎత్తమంటే అది ఎలా ఎత్తుతుందండీ?" అనెను.

నాకు నోట మాట రాలేదు. ఎనిమిది దినములు కాంటరు మాట తలపెట్టలేదు. కుడికి, ఎడమకు నడకతో, ట్రాటుతో వలయములు త్రిప్పుచు నిటారుగా కూర్చుండుట నేనే మరల నేర్చుకొంటిని. తొమ్మిదవనాడు ఎదుటి చెట్టుపై చూపు నిలిపి, ఎడమకాలు తగిలించి ఊరకుంటిని. కుడి ముందంజతో నాలుగంగలు వేసెను. వెంటనే పగ్గములు వదలి, మెడ నిమిరి, క్రిందికి దిగితిని. ఆనాటికి పాఠము అంతే. ఆ గుర్రమును అమ్మలేదు.

గుర్రములకును మనకువలె ఒక ప్రక్క చేవ ఎక్కువ, ఒక ప్రక్క తక్కువ. ఆ తక్కువను దినదినము కొంచెముగా తీర్చుటయే శిక్షణము. ఒక ప్రక్కను బొత్తిగా నిరాకరించు గుర్రమునకు ముందు నొప్పి యున్నదేమో చూడవలెను. తరువాత రౌతు కూర్చున్న తీరును చూడవలెను. ఈ రెండును చూచిన పిమ్మట మొండితనమను మాట అనవలసిన గుర్రములు మిగులుట అరుదు. అది తప్పుకాలు వేసినప్పుడు, మనమేమి చెప్పితిమో అదే వినెనేమో యని ఒక్క క్షణము ఆలోచించుట రౌతునకు శ్రేయస్కరము.