నినాదములు – కార్మిక మండలులు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



విప్లవమనగానే మనకు నినాదములు జ్ఞప్తికి వచ్చును. ఆ నినాదములకు బలమెచ్చటినుండి కలుగునో రష్యా కార్మికుల చరిత్ర తెలుపుచున్నది. 1905, 1917 సంవత్సరముల తేదీలను పాత రష్యా పంచాంగము ననుసరించి చెప్పుచున్నాను.

1905 సెప్టెంబరులో మాస్కోలోని సీతిన్ ముద్రణాలయపు కంపోజిటర్లు సమ్మె చేసిరి. వారికి కూర్చిన అక్షరముల లెక్కను కూలి ముట్టుచుండెను. విరామచిహ్నములను గూడ లెక్కింపవలెనని వారి కోరికలలో నొకటి. చుక్కలకు కూలి యడిగిన యా సమ్మె ఇతర వృత్తులకు వ్యాపించెను. అక్టోబరులో రైళ్లు నిలిచిపోయెను.

ఇంతటి సమ్మెను నడపుటెవరు? ఆ యేడు మే నెలలోనే ఇవానొవొ-వొజ్నెసెన్స్క్ నేతమిల్లుల కార్మికులు ప్రతినిధులనెన్నుకొని మండలిని స్థాపించుకొనియుండిరి. అక్టోబరు 13న పీటర్సుబర్గులోను అట్టి మండలి సమావేశమయ్యెను. 500 మంది కార్మికులకొక ప్రతినిధి. ‘సోవియట్టు’ అను రష్యను మాటకు ఆలోచనసభ యనియే యర్థము.

ఆ మండలి పత్రికాస్వాతంత్ర్యమును యాచింపలేదు. సెన్సారును లెక్కసేయని పత్రికలనే అచ్చువేయవలెనని తీర్మానించెను; ముద్రణ కార్మికులు దాని నమలుపరచిరి. నినాదము కార్యరూపము దాల్చినది. సుమారు ఏబది దినములకు, డిసెంబరు 3న, ప్రభుత్వము ప్రతినిధులను నిర్బంధించెను.

1917 ఫిబ్రవరిలో జారు ప్రభుత్వము కూలగా మండలులు మరల లేచెను. ఈమారు సైనికులును చేరిరి. ‘సర్వాధికారములు సోవియట్లకే’ యను మాట ప్రజల హృదయములకెక్కుటకు కారణమిదియే: తాము స్వయముగా నెన్నుకొన్న సభ పేరే అందుండెను. జూలైలో బోల్షివిక్కులు ఆ నినాదమును విడిచిరి. శరత్కాలమున పెట్రోగ్రాడు, మాస్కో మండలులలో తమకు ఆధిక్యము లభింపగా దానినే మరల నెత్తుకొనిరి. అక్టోబరులో అధికారము వారి చేతికి వచ్చెను.

పిదప 1921లో క్రొన్‌స్టాట్ నావికులు రహస్య ఓటుతో మండలులకు క్రొత్త ఎన్నికలను, కార్మిక కర్షకులకు వాక్స్వాతంత్ర్యమును, పత్రికాస్వాతంత్ర్యమును కోరిరి. సోవియట్టు పేరు దాల్చిన ప్రభుత్వమే సైన్యమును పంపి వారినణచెను. ఆ రాజ్యము పేరు 1991 వరకు నిలిచినది. ప్రతినిధులను స్వేచ్ఛగా నెన్నుకొను హక్కు మాత్రము ఎన్నడో అంతరించెను.

కావున నినాదమును విన్నప్పుడు దాని వెనుక నెన్నికయున్నదా, ప్రశ్నించు వీలున్నదా యని విచారింపవలెను. ఆ విచారణకు భిన్నాభిప్రాయముల గ్రంథములు ఒకే బీరువాలో నుండవలెను. ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు చేసిన సేవ యదియే. ఇకముందును చేయుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.