అగ్నిమాపక కేంద్రము – గ్రామ పంచాయతీ

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతికై వ్రాసిన ప్రసంగ పాఠము)



పనిమీద పట్టణమునకు పోయినప్పుడు మీరందరును అగ్నిమాపక కేంద్రమును చూచియే యుందురు. ఎఱ్ఱని బండ్లు, పెద్ద తలుపులు, వెనుక నొక ఎత్తైన గోపురము. లోనికి పోయి చూచినవారు మాత్రము కొద్దిమందియే. ఆ కట్టడమును అట్లేల కట్టుదురో తెలిసికొన్నచో, మన యూరిలో మనము చేయవలసినదియు కొంత తెలియును. కావున ముందుగా దానిని గురించియే చెప్పెదను.

ఆ భవనమును కాలము ఆదా చేయుటకై కట్టుదురు. బండ్లు నిలుపు చావడి తలుపులు తిన్నగా రహదారి వైపునకు తెరచుకొనును. బండిని ఎల్లప్పుడును ముఖము రోడ్డు వైపుననే యుంచి నిలుపుదురు. కబురు వచ్చిన పిమ్మట త్రిప్పుకొను పని యుండరాదు. తలుపుల యెదుటి జాగాలో మరి యే బండినీ నిలుపనీయరు. చావడి ప్రక్కనే కబురందుకొను గది. అందు రాత్రింబవళ్లు ఒకరు మేలుకొని యుండవలెను. సిబ్బంది విశ్రమించు గది దానికి చేరువనే యుండును. అది మేడమీద నున్నచోట్ల మెట్లు దిగు ఆలస్యము లేకుండ స్తంభమును పట్టుకొని జారుదురు. ఇట్టి స్తంభమును అమెరికాలోని చికాగో నగరమున 1878లో మొదట వాడిరి. ఆ దినములలో బండ్లకు గుఱ్ఱములను పూన్చెడివారు. గుఱ్ఱము వచ్చి నిలువగానే మీదికి దిగునట్లు దాని పట్టెడలను సైతము పైకప్పునుండి వ్రేలాడదీసెడివారు. గుఱ్ఱములు పోయి ఇంజన్లు వచ్చినవి గాని తొందర మాత్రము పోలేదు. స్తంభము మీదనుండి జారి కాళ్లు విరుగగొట్టుకొన్నవారును గలరు గనుక, ఇప్పుడు పెక్కుచోట్ల సిబ్బంది గదిని క్రింది అంతస్తుననే కట్టుచున్నారు.

గోపురమును చూచి కొందరు కావలి మంచె యనుకొందురు. పూర్వము ఆ వాడుకయు నుండెడిది. నేడు దాని ముఖ్యమైన పని తడిసిన గొట్టములను వ్రేలాడదీసి ఆరబెట్టుట. తడి గొట్టమును చుట్టిపెట్టినచో పాడగును. మరునాడు నీటి ఒత్తిడికి పగులును. నిచ్చెనలెక్కు అభ్యాసమును ఆ గోపురము మీదనే చేయుదురు. ఆవరణలో నీటి తొట్టి యుండును. మంటనార్పి తిరిగి వచ్చిన బండికి ముందు నీరు నింపవలెను. సిబ్బందికి తేనీరు ఆ తరువాతనే.

ఇంత యేర్పాటుతో కేంద్రమునుండి బండి నిమిషములో కదలును. పిమ్మట మన యూరు చేరుటకు ఎంత కాలము పట్టును? గ్రామీణ ప్రాంతములకు 20 నిమిషములలో చేరవలెనని మన దేశమున నిర్ణయించిన ప్రమాణము. గంటకు 40 కిలోమీటర్ల వేగమున 20 నిమిషములలో పోగలది 13 కిలోమీటర్లు. అంతకన్న దూరముననున్న గ్రామములు ఎన్నియో మీకే తెలియును. ఎండిన తాటాకు ఇల్లు కాలుటకు అంత సేపు పట్టదు. ఉన్నమాట చెప్పవలెనన్న, ఫైరింజను మొదటి ఇంటిని కాపాడుట అరుదు. అది కాపాడునది తరువాతి ఇండ్లవరుసను, పశువుల పాకలను, గడ్డివాములను. అదియు ఊరిలో దానికి దారియు నీరును దొరకినప్పుడే.

ఇచ్చట నొక సంగతి గమనింపుడు. 1992లో రాజ్యాంగమునకు చేసిన సవరణలలో అగ్నిమాపక సేవలను 12వ షెడ్యూలున, అనగా పురపాలక సంఘముల జాబితాలో చేర్చిరి. పంచాయతీలకు సంబంధించిన 11వ షెడ్యూలున గల 29 విషయములలో అవి లేవు. అందుచేత "అది మన పని కాదు" అను సభ్యులు గలరు. కాని అదే షెడ్యూలున రోడ్లు, కల్వర్టులు, త్రాగునీరు ఉన్నవి. బండి మనది కాకపోవచ్చును. బండి నడచు దారియు, దానికి కావలసిన నీరును మనవే.

దారి మాట చూతము. పెద్ద బండి సాధారణముగా 4,500 లీటర్ల నీటిని మోయును. నీటి బరువే నాలుగున్నర టన్నులు. బండి బరువు కలిసినచో అంతకు రెట్టింపు దాటును. ఊరి మొదట కల్వర్టు అంత బరువు నాపగలదా? వీధి మలుపున అరుగు ముందుకు పెంచినదెవరు? వాకిలి పందిరి, క్రిందికి జారిన కరెంటు తీగ, రోడ్డు మీద వేసిన పెంటదిబ్బ – ఇవి యన్నియు బండిని ఆపునవే. అరుగు తీయించుట ఇబ్బందియైన పనియే. ఓట్లు పోవునను భయమును గలదు. అయినను ఆ వీధి చివరనున్న ఇండ్లవారికిని ఓట్లు గలవు గదా!

ఇక నీరు. నిమిషమునకు 450 లీటర్ల చొప్పున వదలినచో 4,500 లీటర్లు 10 నిమిషములలో అయిపోవును. తరువాత బండి ఊరి నీటినే తీసికొనవలెను. బావిలో నీరు కనబడుచున్నది గదా యని ధైర్యపడరాదు. బండి పంపు పైనుండి లాగు నీరు గాలి యొత్తిడి వలననే పైకి వచ్చును. లెక్క ప్రకారము పది మీటర్లు, ఆచరణలో ఏడు మీటర్లకు మించి అది నీటిని ఎత్తజాలదు. వేసవిలో మన బావులలో నీరు అంతకన్న లోతునకు పోవును. కనుక బండి గట్టువరకు పోవుటకు చెరువుకడ గట్టి బాట యుండవలెను. లేదా నేలమట్టమున నిండియుండు తొట్టి యుండవలెను. మంటల వేళ కరెంటు తీసివేయుదురు గనుక మోటారు మీద ఆధారపడరాదు. మంచినీటి ట్యాంకు అడుగున, మోటారుతో పనిలేక దానంతట నీరు దిగునట్లు ఒక పెద్ద కవాటమును పెట్టింపుడు. బండి గొట్టము దానికి అమరునట్లు ఎట్టి మూతి యుండవలెనో అగ్నిమాపక అధికారినే అడుగుడు.

కబురు పంపుటయు తెలిసి చేయవలసిన పనియే. 101కి గాని 112కి గాని ఫోను చేసి "కొత్తపల్లిలో ఇల్లు అంటుకొన్నది" అన్నచో చాలదు. కొత్తపల్లులు ఎన్ని లేవు! మండలము పేరు, ఏ రోడ్డునుండి మలుపు తిరుగవలెనో, కాలుచున్నది ఇల్లా వామియా, లోపల గ్యాసు సిలిండరు గలదా – ఇవి చెప్పవలెను. ఒక మనిషి పెద్దరోడ్డు మలుపున టార్చి పట్టుకొని నిలువవలెను. బండి వచ్చులోగా మనుషులను, పశువులను వెలికి తెచ్చి, లైన్‌మనుచే కరెంటు ఆపింపవలెను. ప్రక్క ఇంటి కప్పును తడుపవలెను. తప్పనిచో కొక్కెములుగల పొడవైన వాసములతో లాగివేయవలెను. పంచాయతీ కార్యాలయమున అట్టి వాసములు నాలుగైన నుంచుకొనుట మంచిది; ఖర్చు స్వల్పము.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలుడు సామగ్రితోనున్న ఓడ తగులబడి ప్రేలినప్పుడు, ఆర్పబోయిన అగ్నిమాపక సిబ్బంది పెక్కుమంది మరణించిరి. వారి జ్ఞాపకార్థము ప్రతి యేటను ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవములు జరుగును. మన యూళ్లలో వాములు నిండి, ఎండలు ముదురు కాలము సరిగా అదియే. ఆ వారములో సభ పెట్టి దండలు వేయుటతో సరిపుచ్చక, కేంద్రపు అధికారికి ముందుగా వ్రాసి బండిని ఒకమారు ఊరికి పిలిపింపుడు. దానిని ప్రతి వీధికిని, చెరువుగట్టునకును పోనిచ్చి చూడుడు. ఎక్కడెక్కడ ఆగిపోయినదో కార్యదర్శి గారిచే వ్రాయించి, తరువాతి సమావేశపు చర్చనీయాంశములలో మొదటిదిగా చేర్పింపుడు.